అక్కాతమ్ముళ్లు కలిసి అంగ్‌కోర్ చూడాలంటే: నెల్లూరు నుంచి సియెం రీప్ దాకా

కంబోడియా వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "మూడు గుళ్లు బాగా చూశాం, ఆ తరువాతవన్నీ ఒకేలా ఉన్నాయి." తప్పు గుళ్లది కాదు, చూసిన వరసది. తెల్లవారుజామున అంగ్‌కోర్ వాట్‌తో మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో బాయన్ గుడి ఎక్కి, సాయంత్రానికి కొండెక్కితే రెండో రోజుకే కళ్లూ కాళ్లూ మొరాయిస్తాయి. ఇద్దరు తోబుట్టువులు వెళ్లినప్పుడు ఇంకో చిక్కు ఉంది. చిన్నప్పటి నుంచీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు కదా అని ఏదీ ముందుగా మాట్లాడుకోరు. అక్కడికెళ్లాక ఒకరు ప్రతి బొమ్మ దగ్గరా నిలబడతారు, ఇంకొకరు గడియారం చూస్తారు.

కింద చెప్పేది సియెం రీప్ ఊళ్లో దిగి, పక్కనున్న అంగ్‌కోర్ గుళ్లు చూసే ఐదు రాత్రుల పథకం: మూడు రోజుల పాసు, నడుమ ఒక రోజు విశ్రాంతి. యాభై ఏళ్ల అక్క, నలభై దాటిన తమ్ముడు, ఒకరికి మోకాళ్ల నొప్పి ఉందనుకుని లెక్క వేశాం. అన్నదమ్ములైనా, అక్కచెల్లెళ్లయినా లెక్క పెద్దగా మారదు.

ఎప్పుడు వెళ్లాలి

అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, మే నుంచి అక్టోబరు దాకా వానలు. ఏప్రిల్ అన్నిటికన్నా వేడి నెల. ఆ నెల నడిమధ్యలో ఖ్మేర్‌ల, అంటే కంబోడియా ప్రజల, కొత్త సంవత్సరం రావడంతో జనం కూడా విపరీతం. పుస్తకాలు నవంబరు, డిసెంబరు మేలంటాయి గానీ మన వైపు నుంచి బయల్దేరేవాళ్లకు అందులో ఒక మెలిక ఉంది. ఆ రెండు నెలలే మనకు తుఫాన్ల కాలం. వాయుగుండం పట్టిందంటే గూడూరు దగ్గర పట్టాలు మునిగినా, హైవే మీద నీళ్లొచ్చినా చెన్నైలో విమానం తప్పిపోతుంది. కాబట్టి సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. నవంబరులోనే వెళ్లక తప్పకపోతే ఒక రోజు ముందే చెన్నై చేరి పడుకోండి.

నెల్లూరు ఎండలు చూసినవాళ్లం, అక్కడి ఎండ ఎంత అనుకోకండి. జనవరిలో కూడా పగలు 30 డిగ్రీలు దాటుతుంది, పైగా రాయి వేడెక్కి కింది నుంచి కొడుతుంది. ఉదయం 11 నుంచి 3 దాకా గదిలో ఉండాలన్నది ఈ పథకంలో మార్చకూడని నియమం.

కాగితాలు

దిగే రోజు నుంచి లెక్కేసి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. ఈ-వీసా ముందే తీసుకోవడం మేలు. టూరిస్టు వీసా రుసుము 30 డాలర్లు, 30 రోజులు ఉండొచ్చు, ఒక్కసారే ప్రవేశం. అసలు ప్రభుత్వ సైటు చిరునామా చివర "గవ్ డాట్ కేహెచ్" అని ఉంటుంది. వెతికితే పైన వచ్చే అందమైన సైట్లలో సగం దళారులవి, రెట్టింపు గుంజుతాయి. బయల్దేరే ముందు వారంలో ఈ-అరైవల్ ఫారం కూడా ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బులేమీ లేవు. ఇద్దరూ ఎవరిది వాళ్లు విడివిడిగా నింపాలి.

అక్క పాస్‌పోర్టులో అత్తింటి పేరు, తమ్ముడి దాంట్లో పుట్టింటి పేరు ఉండటం మామూలే. ఇబ్బంది పేర్లు వేరైనందుకు రాదు. టికెట్ మీద ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే వస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు ఉంటే విమాన టికెట్, వీసా రెండూ కొనకముందే సరిచేయించుకోండి.

హోటల్ గది బుక్ చేసేటప్పుడు "ట్విన్" అని అడగాలి. "డబుల్" అంటే ఒకటే పెద్ద మంచం. ఆడా మగా ఇద్దరి పేర్లు చూసి భార్యాభర్తలనుకుని దాన్నే సర్దేస్తారు. అర్ధరాత్రి రిసెప్షన్‌లో నిలబడి వివరించే బదులు, రెండు రోజుల ముందే ఒక మెసేజ్ పెట్టి రెండు మంచాలున్నాయని రాయించుకోండి.

ప్రయాణ బీమా ఎవరిది వాళ్లకు వేరుగా ఉండాలి. తోబుట్టువులకు ఇక్కడో ప్రత్యేకమైన విషయం ఉంది. ఇద్దరూ ఒకేసారి దేశం దాటితే ఇంట్లో పెద్దవాళ్లను చూసేవాళ్లుండరు. అమ్మానాన్నల్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే మధ్యలో తిరిగొచ్చే ఖర్చు ఇస్తారా, వాళ్లకు ముందునుంచీ ఉన్న జబ్బుల వల్ల అయితే ఒప్పుకుంటారా అని పాలసీ కాగితంలో చదివాకే కట్టండి. మేనత్త కొడుకో, పక్కింటాయనో, ఊళ్లో ఒక మనిషికి విమానాల నంబర్లు, హోటల్ ఫోను రాసిచ్చి వెళ్లండి.

ఇల్లు కదిలి దిగేదాకా

ఒంగోలు, కావలి, నెల్లూరు ఎక్కణ్నుంచయినా విమానాశ్రయం చెన్నైదే. నెల్లూరు నుంచి రోడ్డున 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 పైచిలుకు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు, అక్కణ్నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికి పోతుంది. రాత్రి విమానానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

చెన్నై నుంచి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్‌లలో ఒకచోట మారాలి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. చవకగా వస్తుందని రెండు టికెట్లు విడిగా కొంటే బ్యాంకాక్‌లో చిక్కు పడుతుంది. అక్కడ విమానాశ్రయాలు రెండు, సువర్ణభూమి, దోన్ ముయాంగ్. ఒకదాంట్లో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, ఊరి ట్రాఫిక్‌లో రెండోదానికి వెళ్లాల్సి రావచ్చు. మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్లు డబ్బు తిరిగివ్వరు.

బ్యాంకాక్ నుంచి బస్సులో పోవచ్చని పాత వీడియోల్లో చెబుతారు. ఆ ఆలోచన మానుకోండి. 2025లో థాయ్-కంబోడియా సరిహద్దులో కాల్పుల దాకా పోయి దారులు మూశారు. అదే కారణంగా సరిహద్దు కొండ మీదున్న ప్రెయ విహియర్ శివాలయాన్ని ఈ పథకంలో చేర్చలేదు. ఆ గుడి కంబోడియాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లోనే తీర్పిచ్చినా గొడవ మాత్రం ఆగలేదు.

సియెం రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో తెరిచారు. పాతది ఊరి పక్కనే ఉండేది, ఇది 40 కిలోమీటర్ల పైన. టాక్సీకి సుమారు 35 డాలర్లు, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పాత రాతలు నమ్మి "పది నిమిషాలే కదా" అనుకుంటే తిరుగు ప్రయాణంలో విమానం తప్పుతుంది.

సామానులో పొడులు, పచ్చళ్లు లేకుండా మనం కదలం. కారప్పొడి, కందిపొడి గట్టి కవర్లలో పెట్టుకోండి. నూనె పచ్చడి చేతి సంచిలో వద్దు, ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు. చెకిన్ సామానులో రెండు కవర్లు తొడిగి పెట్టండి. "గుళ్లకే కదా" అని కర్పూరం, ఎండుకొబ్బరి మాత్రం పెట్టకండి. రెండూ మండే సరుకులే.

డబ్బు, ఉమ్మడి పర్సు

అక్కడ డాలర్లు, రియళ్లు రెండూ నడుస్తాయి. డాలరుకు సుమారు 4,000 రియళ్లు. డాలరు లోపు చిల్లరంతా రియళ్లలోనే ఇస్తారు. నోటు మీద చిన్న చిరుగు, గీత ఉన్నా తీసుకోరు, వాళ్లు మాత్రం అలాంటివి మనకు అంటగట్టాలని చూస్తారు. ఇక్కడ మార్చేటప్పుడే 1, 5, 10 డాలర్ల నోట్లు కొత్తవి అడిగి తీసుకోండి. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ నాలుగైదు డాలర్లు రుసుము పోతుంది, అందుకని తక్కువసార్లు ఎక్కువ తీయాలి.

తోబుట్టువుల మధ్య డబ్బు లెక్క "ఇంటికెళ్లాక చూసుకుందాం" అనుకుంటే ఎప్పటికీ తేలదు. చెరో 150 డాలర్లు ఒక పర్సులో వేయండి. ఆటో, మంచినీళ్లు, కలిసి తిన్న తిండి అందులోంచి. పాసు, వీసా, బట్టలు, కానుకలు ఎవరివి వాళ్లవి. పర్సు ఒకరి దగ్గర, చిట్టా ఇంకొకరి దగ్గర ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల్లో సరిచూసుకుని, తగ్గితే సమంగా నింపండి. పెద్దదాన్ని కదా అని అక్క అంతా పెట్టుకోవడం, సంపాదిస్తున్నాను కదా అని తమ్ముడు తీసుకోనివ్వకపోవడం, రెండూ నాలుగో రోజుకి మాటగా బయటికొస్తాయి.

పాసు

ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల పాసును వరసగా వాడక్కర్లేదు, పది రోజుల లోపు ఏ మూడు రోజులైనా సరే. ఈ వెసులుబాటు వల్లే నడుమ విశ్రాంతి పెట్టాం. గుడి దగ్గర అమ్మరు. ఆంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ వారి టికెట్ కార్యాలయంలో గానీ, వాళ్ల అధికారిక సైట్లో గానీ కొనాలి. పాసు మీద మీ ఫొటో ఉంటుంది, అందుకని కార్యాలయంలో కొంటే ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. పెద్ద గుళ్లన్నిటి దగ్గరా చూస్తారు. పోతే మళ్లీ కొనాల్సిందే, అందుకని మెడలో వేసుకునే కవరు ఒకటి తీసుకెళ్లండి.

దిగిన రోజు సాయంత్రం ఐదింటి వేళ కొంటే పాసు మరుసటి రోజు నుంచి లెక్కలోకి వస్తుంది, ఆ పూట సూర్యాస్తమయానికి కూడా లోపలికి వదులుతారు. కార్యాలయం 5:30కి మూసేస్తారు.

బట్టల విషయంలో గట్టిగా ఉంటారు. భుజాలు, మోకాళ్లు కప్పాలి. చున్నీ కప్పుకుంటే చాలదు, చేతులున్న పైబట్టే ఉండాలి. చీర కన్నా చుడీదార్ నయం, నిటారు మెట్ల మీద కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి.

చూసే వరస

మొదటి రెండు రోజులూ కట్టిన కాలక్రమంలో చూడండి. అప్పుడు ఇటుక రాయిగా, చిన్నది పెద్దదిగా, శివుడు విష్ణువుగా, ఆ పైన బుద్ధుడిగా మారడం కళ్ల ముందే తెలుస్తుంది. ఇంకో సలహా: బయల్దేరే ముందు నెలలో ఇద్దరూ కలిసి ఒక ఆదివారం భైరవకోన వెళ్లిరండి. కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలను నిదానంగా చూస్తే ఎవరి నడక ఎంత, ఎవరి ఓపిక ఎంత అన్నది అక్కడే తేలిపోతుంది. రాతి ద్వారపాలకులను చూడటం కంటికి అలవాటవుతుంది కూడా.

మొదటి రోజు ఉదయం రొలువొస్ గుళ్లు. ఊరికి తూర్పున 13 కిలోమీటర్లు. అక్కడి గుళ్లలో ప్రెయ కొ 879లో, బకొంగ్ 881లో ఖ్మేర్ రాజు ఇంద్రవర్మ ప్రతిష్ఠించినవి. లొలెయ్ 893లో ఆయన కొడుకు యశోవర్మ కట్టించింది. రాజుల పేర్లు వింటుంటే మన పల్లవులు గుర్తొస్తారు, ఊరికే కాదు. ఒంగోలు సీమలో దొరికిన చెందలూరు రాగిరేకులు పల్లవ కుమారవిష్ణువువి, భాష సంస్కృతం. ఖ్మేర్ రాజుల శాసనాల్లోనూ సంస్కృతమే, వాళ్ల లిపి మూలం కూడా దక్షిణాది పల్లవ లిపే. ద్వారబంధాల రాళ్ల మీద చెక్కిన అక్షరాలను దగ్గరగా చూడండి, కొన్ని గుండ్రటి వంపులు తెలిసినట్టే ఉంటాయి. బకొంగ్ ఐదంతస్తుల మెట్ల పిరమిడ్, మోకాళ్ల పరీక్ష ఇక్కడే. పైకి ఎక్కలేకపోతే కింద చుట్టూ ఉన్న ఇటుక గోపురాలు చూసినా లోటేమీ లేదు.

సాయంత్రం 3 తరువాత అంగ్‌కోర్ వాట్. 12వ శతాబ్దపు మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన గుడి. మామూలు గుళ్లలా తూర్పు ముఖం కాదు, పడమటి ముఖం. అందుకే సాయంత్రపు వెలుగు ముందు భాగం మీద పడుతుంది, ఆ వైపు శిల్పాలు అప్పుడే బాగా కనిపిస్తాయి. పడమటి గోపురంలో కుడివైపున ఎనిమిది చేతుల విష్ణు విగ్రహం ఉంది. అక్కడివాళ్లు దానికి ఇప్పటికీ అగరొత్తులు వెలిగిస్తారు. పూజ జరిగే చోట చెప్పులు విప్పాలి, మిగతా గుడిలో అక్కర్లేదు.

మనవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు లోపల జరుగుతుంది. గుడి కదా అని అలవాటుగా ఎడమకు తిరిగి ప్రదక్షిణగా నడుస్తారు. ఇక్కడి శిల్పాల వరస దానికి ఎదురు, గుడి మీ ఎడమచేతి వైపు ఉండేలా అప్రదక్షిణగా సాగుతుంది. పితృకార్యాల్లో అపసవ్యం లాంటిదే ఇదనీ, రాజు సమాధికి సంబంధించి కట్టారనీ కొందరు పండితుల మాట. ఏదైనా, లోపలికెళ్లి కుడికి తిరగండి. పడమటి గోడ దక్షిణ భాగంలో కురుక్షేత్రం వస్తుంది. ఎడమ నుంచి కౌరవ సేన, కుడి నుంచి పాండవ సేన వచ్చి మధ్యలో కలబడతాయి. ఎడమ వైపు పైన అంపశయ్య మీద భీష్ముణ్ని, నాలుగు చేతుల కృష్ణుడు తోలే అర్జునుడి రథాన్ని ఇద్దరూ పందెం వేసి వెతకండి. దక్షిణ గోడ మొదటి సగంలో సూర్యవర్మ ఊరేగింపు, రెండో సగంలో యముడు, చిత్రగుప్తుడు, 37 స్వర్గాలు, 32 నరకాలు. ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. నాలుగు గోడలూ చుడితే 800 మీటర్లవుతుంది, ఒక్క పూటలో చూస్తే రెండో సగం కంటికి ఎక్కదు.

రెండో రోజు అందరూ సూర్యోదయానికి చీకట్లో లేచి ఉత్తరపు కొలను ఒడ్డున ఫోన్లు పట్టుకుని నిలబడతారు. మీరు ఆరున్నరకు చేరండి. ఏడింటికల్లా ఆ జనం టిఫిన్లకు వెళ్లిపోతారు, తూర్పు గోడ మీద లేత ఎండ పడుతుంది. దక్షిణ సగంలో క్షీరసాగర మథనం, 49 మీటర్లు. ఎడమవైపు వాసుకి తలలు పట్టిన అసురులు 92 మంది, కుడివైపు దేవతలు 88 మంది, నడుమ కూర్మం మీద మందరం, దాని ముందు విష్ణువు. తోక చివర పట్టుకుని లాగుతున్నది హనుమంతుడు! మన పురాణంలో లేని ఈ సంగతి చూసి ఎవరు ముందు అడుగుతారో చూడండి. తరువాత ఉత్తరం వైపు కృష్ణుడు, బాణాసురుడు. చివరికి పడమటి గోడ ఉత్తర సగంలో లంకా యుద్ధం.

నడిమి గోపురం మీదికి, అంటే బకన్‌కు, కొయ్య మెట్లున్నాయి. అయినా నిటారే. ఒక్కసారికి వంద మందినే వదులుతారు, నెలలో నాలుగు బౌద్ధ పర్వదినాల్లో మూసేస్తారు. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు ఎక్కడం తేలికే, దిగడం కష్టం. ఎక్కనివాళ్లు కూర్చునే చోటు, తిరిగి కలిసే సమయం ముందే చెప్పుకోండి. వరుస పొడుగ్గా ఉంటే గంట దాటిపోతుంది. ఇద్దరికీ వేరువేరు కంపెనీల సిమ్‌లు ఉంటే ఒకటి పని చేయకపోయినా రెండోది పనికొస్తుంది.

ఆ సాయంత్రం అంగ్‌కోర్ థామ్, చుట్టూ గోడ ఉన్న పాత రాజధాని. దక్షిణ ద్వారం ముందు 54 మంది దేవతలు ఒకపక్క, 54 మంది అసురులు ఒకపక్క నాగుణ్ని పట్టుకుని ఉంటారు. పొద్దున చూసిన మథనమే ఇక్కడ వంతెనైంది. లోపలున్న బాయన్ గుడి కట్టించింది ఏడో జయవర్మ, బౌద్ధుడు. అందరూ పై గోపురాల మీది రాతి ముఖాల కోసమే ఎగబడతారు గానీ, బయటి గోడ మీద సంత, కోడిపందెం, చేపలు పట్టే పడవలు, వంటశాల ఉన్నాయి. రాజుల యుద్ధాలు చూసి అలసిన కంటికి ఇవి ఊరట.

మూడో రోజు విశ్రాంతి. ఎవరికి వాళ్లు ఏం చేసుకున్నా సరే, ఒకరినొకరు అడగనక్కర్లేదు. ఈ ఒక్క పూట విడిగా గడపకపోతే నాలుగో రోజు గొడవ ఖాయం.

నాలుగో రోజు పొద్దున్నే బన్‌తెయ్ స్రెయ్, ఊరి నుంచి 37 కిలోమీటర్లు. 967 నాటి శివాలయం. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే ఆస్థాన పండితుడు. గులాబీ ఇసుకరాతి మీద చెక్కడం కొయ్య మీద చెక్కినంత సన్నగా ఉంటుంది. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, కాముణ్ని కాలుస్తున్న శివుడు, ఖాండవవనం మీద వాన కురిపిస్తున్న ఇంద్రుడు, ఈ మూడూ గ్రంథాలయాలనే చిన్న మండపాల మీద ఉన్నాయి. ఎక్కే మెట్లు దాదాపు లేవు, మోకాళ్ల వాళ్లకు అన్నిటికన్నా హాయి. కాకపోతే పది దాటితే బస్సులొచ్చి కాలు పెట్టే చోటుండదు. మధ్యాహ్నం గదికి వచ్చి, సాయంత్రం తా ప్రోమ్. 1186లో జయవర్మ తల్లి పేరిట ప్రతిష్ఠించాడు. గోడలను మింగిన చెట్లు ఇక్కడే. దీని మరమ్మతుల్లో చాలా భాగం మన భారత పురావస్తు శాఖది. ఓపిక మిగిలితే తండ్రి పేరిట కట్టించిన ప్రెయ ఖాన్ దగ్గరే ఉంది.

బండి విషయానికొస్తే తుక్‌తుక్, అంటే అక్కడి ఆటో, చాలు. దగ్గరి గుళ్లు తిరిగే 17 కిలోమీటర్ల చుట్టుకు రోజుకు 15 నుంచి 20 డాలర్లు, బన్‌తెయ్ స్రెయ్‌కు దానిపైన మరికొంత. మధ్యాహ్నం గదికి తెచ్చి మళ్లీ తీసుకెళ్లాలని బేరంలోనే చెప్పండి. లేకపోతే రెండు ట్రిప్పులంటారు.

తిండి, ఒళ్లు

శాకాహారులకు చిక్కు మాంసం వల్ల కన్నా చేపసారుతో, ప్రహొక్ అనే పులియబెట్టిన చేపముద్దతో ఎక్కువ. కూరగాయల వేపుడులో కూడా పోస్తారు. "అత్ సాచ్" అంటే మాంసం వద్దని, "అత్ తెక్ త్రెయ్" అంటే చేపసారు వద్దని. రెండూ చెప్పాలి, ఒకటి చెప్తే రెండోది పడుతుంది. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, కందిపొడి అక్కరకొచ్చేది అప్పుడే. చేపలు తినేవాళ్లయితే సమ్లా మచూ అడగండి. చింతపండు పులుపుతో చేసిన చేపల చారు, నెల్లూరు పులుసు అనుకుంటే నిరాశే గానీ నాలుక్కి చుట్టరికం మాత్రం తెలుస్తుంది.

మనిషికి పూటకు లీటరున్నర నీళ్లు. రోజుకో ఓఆర్‌ఎస్ పొట్లం, లీటరు నీళ్లలో పూర్తిగా కలిపి. సగం నీళ్లలో కలిపితే మేలుకు బదులు దాహం పెరుగుతుంది. పగటిపూట కుట్టే దోమలతో డెంగీ వస్తుంది, మందు పగలే రాసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు రెండు భాగాలు చేసి ఇద్దరి సంచుల్లోనూ పెట్టండి, డాక్టరు చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. దూరపు గుళ్ల దగ్గర కాలిబాట వదిలి పొదల్లోకి పోవద్దు, పాత అంతర్యుద్ధ కాలపు మందుపాతరలు అన్నీ తీయలేదు.

గుడి లోపల ఎవరైనా అగరొత్తి చేతిలో పెట్టి, మణికట్టుకు దారం కట్టి దీవిస్తే చివర్లో పది డాలర్లు అడుగుతారు. చేయి చాచకముందే నవ్వుతూ తల అడ్డంగా ఊపండి. మనకు దారం కట్టించుకోవడం అలవాటు కనుక ముందు పడేది మనమే. బౌద్ధ భిక్షువుల చేతికి అక్క ఏదైనా ఇవ్వాలంటే నేరుగా ఇవ్వకూడదు, తమ్ముడి చేత ఇప్పించాలి.

తిరుగు ప్రయాణం రోజున విమానానికి నాలుగు గంటల ముందు హోటల్ నుంచి కదలండి. పాత రాతి ముక్క అని ఎవరైనా అమ్మజూపితే నిజమైనదైతే దేశం దాటించడం నేరం, అబద్ధమైతే డబ్బు దండగ. కొత్తగా చెక్కిన బొమ్మ కొంటే బిల్లు అడిగి తీసుకుని, ఆ బిల్లు బొమ్మతో పాటు సామానులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి.